గుండెలోని మచ్చను చూపే అయస్కాంతం

ఆదివారం వచ్చిందంటే మన హాస్టల్ గేటు దగ్గర ఎలా ఉంటుందో పాత విద్యార్థులకు చెప్పనవసరం లేదు. ఊళ్ళ నుండి అమ్మానాన్నలు వస్తారు. చేతిలో టిఫిన్ డబ్బా, సంచిలో సకినాలు, సీసాలో మామిడికాయ తొక్కు. వారమంతా మెస్సు చారు తాగిన వాళ్ళకు ఆ రోజే పండుగ.

మేము డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం మా నాన్న అలాగే వచ్చాడు. మా గది రెండో అంతస్తులో. మెట్లు ఎక్కుతూ మూడుసార్లు ఆగాడు. "బస్సుల నిలబడి వచ్చిన కొడుకా, అలసట" అన్నాడు. మేమూ నమ్మాము. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే మనిషి రెండు అంతస్తుల మెట్లకు ఎందుకు అలసిపోవాలి అన్న ప్రశ్న మాకు ఆ రోజు తట్టలేదు.

రెండు నెలల తరువాత పాదాలు వాచాయి. రాత్రిపూట వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవాడు. ఒకచోట ఆస్తమా అన్నారు, ఇంకొకచోట గ్యాస్ అన్నారు. చివరికి పట్నం తీసుకువచ్చి పెద్దాసుపత్రిలో చూపిస్తే ఎకో పరీక్ష చేసి ఒక కాగితం ఇచ్చారు. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినది మేమే కనుక ఆ కాగితం మా చేతికే వచ్చింది. మాటలు చదవగలిగాము గాని అర్థం కాలేదు. 'హార్ట్ ఫెయిల్యూర్' అన్న రెండు మాటలు చూసి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆనాడు ఎవరైనా తెలుగులో విడమరచి చెబితే బాగుండును అని మాకు అనిపించిన సంగతులనే ఈ వ్యాసంలో రాస్తున్నాము. మేము చదివేది భౌతికశాస్త్రం, వైద్యం కాదు. అయితే గుండె లోపలి మచ్చను చూపించే ఎం.ఆర్.ఐ. యంత్రం పని చేసేది భౌతికశాస్త్రం మీదనే. ఆ ధైర్యంతోనే రాస్తున్నాము.

గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు

మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని ఒళ్ళంతా పంపుతుంది. ఈ పనిని శరీరానికి సరిపడినంతగా చేయలేకపోవడాన్నే గుండె వైఫల్యం అంటారు. గుండె ఆగిపోలేదు, కొట్టుకుంటూనే ఉంది. కాని చాలినంత పంపలేకపోతున్నది. ముందుకు పోవలసిన రక్తం వెనుక నిలిచిపోవడం వలన ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం, కాళ్ళలో నీరు చేరి వాపు వస్తాయి.

ఇది ధనికుల జబ్బు, పట్నం జబ్బు అని మనలో చాలామంది అనుకుంటారు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో మరణాలకు కారణాలను ఇంటింటికీ తిరిగి లెక్కగట్టారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. 2013లో తిరువనంతపురం జిల్లాలోని ఆసుపత్రులలో గుండె వైఫల్యంతో చేరిన 1205 మంది వివరాలు సేకరించారు. వారి సగటు వయసు 61 ఏళ్ళు. నూటికి 72 మందికి గుండెకు రక్తం ఇచ్చే నాళాలు మూసుకుపోవడమే కారణం. అంటే, కుటుంబం ఇంకా వారి సంపాదన మీద ఆధారపడి ఉన్న వయసులోనే ఎంతోమందికి ఇది వస్తున్నది.

నూటికి ముప్పై మార్కులు

నాన్న కాగితంలో ఈ.ఎఫ్. అని రాసి పక్కన 30 అని ఉంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ అన్నమాటకు అది పొట్టి రూపం. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో నూటికి ఎంత భాగం ఒక్కసారి ముడుచుకున్నప్పుడు బయటికి పోతుందో చెప్పే లెక్క అది. ఉదాహరణకు జఠరికలో 120 మిల్లీలీటర్లు నిండి, అందులో 70 బయటికి పోతే ఈ.ఎఫ్. 58. ఆరోగ్యవంతులకు ఇది సుమారు 55 నుండి 70 వరకు ఉంటుంది. ఎవరికీ నూరు ఉండదు.

"నూటికి ముప్పయ్యా? అంటే ఫెయిలేనా?" అని నాన్న అడిగాడు. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాసు మార్కులు ముప్పై అయిదు కదా!

నాన్న పక్క మంచం మీద ఒక చాచా ఉండేవారు. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేస్తారు. మాకు ఉర్దూ అంతంత మాత్రం, ఆయనకు తెలుగు అంతంత మాత్రం. అయినా పదిరోజులలో రెండు కుటుంబాలూ ఒకటైపోయాయి. వారి కాగితంలోనూ 30 అనే ఉంది. ఇద్దరికీ అదే ఆయాసం, దాదాపు అవే మాత్రలు. అంకె ఒకటైనంత మాత్రాన గుండెలు ఒకటి కావని డాక్టరు గారు చెప్పి, ఇద్దరికీ గుండె ఎం.ఆర్.ఐ. రాశారు. ఎకో చేశాక మళ్ళీ ఈ పరీక్ష ఎందుకు అని మేము ఆలోచనలో పడ్డాము. దానికి జవాబు మచ్చలో ఉంది.

మచ్చ ఎందుకు ఏర్పడుతుంది?

ఆడుకుంటూ పడి మోకాలు చీరుకుపోతే కొన్నాళ్ళకు మానుతుంది, మచ్చ మిగులుతుంది. గుండె కండరంలోనూ అంతే. రక్తం అందకనో, ఏదైనా వైరస్ వలన వాచిపోయో కండర కణాలు చనిపోతే వాటి చోట కొత్త కణాలు పుట్టడం చాలా అరుదు. ఆ ఖాళీని కొల్లాజెన్ అనే గట్టి పీచుపదార్థం నింపుతుంది. అదే మచ్చ.

మోకాలి మీద మచ్చతో ఇబ్బంది లేదు. గుండెలో మచ్చతో రెండు ఇబ్బందులు. మొదటిది, మచ్చ ముడుచుకోదు. అంతమేర గుండె పని చేసే బలం పోయినట్లే. రెండవది మరీ ప్రమాదకరం. గుండె కొట్టుకోవడానికి కావలసిన విద్యుత్ ప్రేరణ మచ్చలోంచి సాఫీగా పోలేదు. మచ్చ అంచుల చుట్టూ తిరిగి తిరిగి గుండెను అదుపు తప్పిన వేగంతో కొట్టించవచ్చు. నిలబడిన మనిషి నిలబడినట్లే కూలిపోయే ఆకస్మిక మరణాలకు ఇదొక ముఖ్య కారణం.

అయితే కదలని కండరమంతా చచ్చిన కండరం కాదు. రక్తం సరిగ్గా అందక, లేదా జబ్బు దెబ్బకు నీరసించి, బ్రతికి ఉండి కూడా పని మానేసిన కండరం ఉంటుంది. పదిమంది హమాలీలు కలిసి లాగవలసిన బండి ఉందనుకోండి. బండి కదలడం లేదు. పదిమందీ ఉన్నారు గాని తిండిలేక సోలిపోయి ఉన్నారా? లేక నలుగురు అసలే లేరా? దూరం నుండి చూసేవారికి రెండూ ఒకటే, బండి కదలడం లేదు. కాని మొదటి బండికి అన్నం పెడితే చాలు. రెండవ బండికి ఎంత అన్నం పెట్టినా పోయిన నలుగురు తిరిగి రారు.

ఎకో పరీక్ష బండి కదులుతున్నదో లేదో బాగా చెబుతుంది. మనుషులు ఉన్నారా లేరా అన్నది అంత స్పష్టంగా చెప్పలేదు. ఆ తేడాను చెప్పేదే గుండె ఎం.ఆర్.ఐ.

అఫ్జల్‌గంజ్‌లో జరిగిన పాత వాదన

గుండె లోపల ఏం జరుగుతున్నదో కంటితో చూడలేకపోతే ఎంత పెద్దవారైనా ఎలా పొరబడతారో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. నయాపూల్ దాటితే చాలు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న అఫ్జల్‌గంజ్‌లో 1908 మూసీ వరదలకు ముందు పాత ఆసుపత్రి ఉండేది. ఆ రోజుల్లో హైదరాబాద్ వైద్య పాఠశాలకు పెద్దగా ఉన్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, మత్తు కోసం ఇచ్చే క్లోరోఫాం వలన రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు నడిపించారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ డబ్బు ఇచ్చారు. రెండవ కమిషన్ కోసం లండన్ నుండి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫాం ముందుగా శ్వాసను ఆపుతుందే గాని నేరుగా గుండెను ఆపదని తేల్చారు. 'హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్' పేరు ప్రపంచమంతా మారుమ్రోగింది.

కాని 1911లో గుడ్‌మన్ లీవీ అనే శాస్త్రవేత్త, మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను తప్పించి ఒక్కసారిగా ఆపివేయగలదని ప్రయోగంతో చూపించారు. లారీ గారి కాలానికి ఎక్స్‌రే లేదు, ఈ.సి.జి. లేదు. నాడి పట్టుకుని, ఊపిరి చూసి, రక్తపు ఒత్తిడి గీత చూసి లోపలి సంగతి ఊహించవలసిందే. వారి శ్రమను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. చూసే సాధనం లేనప్పుడు పైకి కనిపించే అంకెలు ఎంత మోసం చేస్తాయో చెప్పడానికే ఇది రాశాము.

యంత్రం ఎలా చూస్తుంది?

ఇక మా సబ్జెక్టుకు వద్దాం. మన శరీరంలో ఎక్కువ భాగం నీరు. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయని ఏడో తరగతి పిల్లవాడికీ తెలుసు. హైడ్రోజన్ కేంద్రకంలోని ప్రోటాను ఒక చిన్న అయస్కాంతం లాంటిది. మామూలుగా ఈ కోట్లానుకోట్ల చిన్న అయస్కాంతాలు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి. ఎం.ఆర్.ఐ. యంత్రంలోని పెద్ద అయస్కాంతం వీటిలో కొంత భాగాన్ని ఒక వరుసలోకి తెస్తుంది. సాధారణంగా వాడే యంత్రం బలం 1.5 టెస్లా. అంటే భూమి అయస్కాంత క్షేత్రం కంటే సుమారు 30,000 రెట్లు.

ఉయ్యాలను దాని ఊపుకు తగినట్లు తోస్తేనే ఎత్తుకు పోతుంది. అదే అనునాదం. అలాగే వరుసలో ఉన్న ప్రోటాన్లకు సరిగ్గా వాటి పౌనఃపున్యంలోనే రేడియో తరంగం పంపితే అవి శక్తిని తీసుకుని పక్కకు వాలుతాయి. 1.5 టెస్లా దగ్గర ఆ పౌనఃపున్యం సుమారు 64 మెగాహెర్ట్జ్. మన హాస్టల్ రేడియోలో వినే ఎఫ్.ఎం. రెయిన్‌బో 101.9 మెగాహెర్ట్జ్ అని గుర్తు చేసుకుంటే ఇదీ అటువంటి తరంగమే అని అర్థమవుతుంది. ఎక్స్‌రే కిరణాల బాధ ఇందులో లేదు. తరంగం ఆపగానే ప్రోటాన్లు మళ్ళీ పాత స్థితికి వస్తూ తామే ఒక సన్నని సంకేతం పంపుతాయి. ఒక్కొక్క కణజాలంలో అవి తిరిగి రావడానికి పట్టే సమయం ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఆ తేడాయే బొమ్మ అవుతుంది. ఇలా బొమ్మ తీయవచ్చని 1973లో పాల్ లాటర్బర్ చూపించారు. ఆయనకూ, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

మెదడు కదలదు, గుండె కదులుతుంది. అందుకని ఛాతీ మీద ఈ.సి.జి. తీగలు అంటించి, ప్రతి చప్పుడులోనూ ఒకే దశలో బొమ్మ పట్టేలా చేస్తారు. మధ్యమధ్య పది పదిహేను సెకన్ల పాటు ఊపిరి ఆపమంటారు. మొత్తం సుమారు ముప్పావు గంట పడుతుంది. లోపల దబదబమని పెద్ద చప్పుడు వస్తుంది. అది తీగచుట్టలలో విద్యుత్తు వేగంగా మారడం వలన వచ్చే చప్పుడే గాని భయపడవలసినది ఏమీ కాదు.

నాన్న చప్పుడుకు భయపడలేదు. మొలతాడుకున్న తాయెత్తు తీయమంటే మాత్రం గొడవ పెట్టుకున్నాడు. లోహం లోపలికి పోకూడదని మేము ఎంత చెప్పినా వినలేదు. చివరకు పక్క మంచం చాచా తన చేతి తాయెత్తు విప్పి చూపించిన తరువాతే విప్పాడు.

గెడోలినియం చేసే పని

మచ్చను చూడటానికి చేతి నరం ద్వారా ఒక మందు ఎక్కిస్తారు. అందులో ఉండేది గెడోలినియం అనే మూలకం. పరమాణు సంఖ్య 64. దీని అయానులో జత కట్టని ఎలక్ట్రాన్లు ఏడు ఉంటాయి. అందువలన దగ్గరలో ఉన్న ప్రోటాన్లను ఇది త్వరత్వరగా పాత స్థితికి తెస్తుంది. బొమ్మలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. ఒంటరిగా ఉంటే గెడోలినియం విషం కనుక, దాన్ని ఒక పెద్ద అణువు పంజరంలో బంధించి ఇస్తారు.

ఇది మచ్చను ఎలా పట్టిస్తుంది? పాతబస్తీ గల్లీలో గట్టి వాన పడిందనుకోండి. తలుపులు మూసి ఉన్న ఇళ్ళలోకి నీరు పోదు. గల్లీలో పారి కాలువలోకి వెళ్ళిపోతుంది. గోడలు కూలిన పాడుబడ్డ ఇంట్లోకైతే నీరు జొరబడి అక్కడే నిలిచిపోతుంది. వాన వెలిసిన పావుగంటకు వెళ్ళి చూస్తే ఏ ఇల్లు పాడుబడిందో నీరే చెబుతుంది.

గెడోలినియం కూడా బ్రతికి ఉన్న కణం లోపలికి పోలేదు. కణాల మధ్య ఉన్న సందులలో మాత్రమే తిరిగి త్వరగా రక్తంలోకి వెళ్ళిపోతుంది. మచ్చలో కణాలు లేవు, సందులే ఎక్కువ. అక్కడ మందు ఎక్కువగా చేరి ఆలస్యంగా పోతుంది. అందుకే మందు ఎక్కించిన 10, 15 నిమిషాల తరువాత బొమ్మ తీస్తారు. బ్రతికిన కండరం నల్లగా, మచ్చ తెల్లగా కనిపిస్తాయి.

2000 సంవత్సరంలో అమెరికాలో రేమండ్ కిమ్, ఆయన సహచరులు 50 మంది రోగుల గుండెలను ఈ పద్ధతిలో చూశారు. గుండె గోడను భాగాలు భాగాలుగా విడదీసి, రక్తనాళాలు బాగుచేసిన తరువాత ఏ భాగం కోలుకున్నదో లెక్క కట్టారు. సరిగ్గా కదలని భాగాలలో తెలుపు ఏమాత్రం లేనివి 329 ఉంటే 256 కోలుకున్నాయి. గోడ మందంలో ముప్పాతిక కంటే ఎక్కువ తెల్లగా ఉన్నవి 58 ఉంటే ఒకే ఒక్కటి కోలుకుంది.

మచ్చ ఉన్న చోటును బట్టి కారణం

మచ్చ ఉందా లేదా అన్నదే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యం. గుండెకు రక్తం ఇచ్చే ధమనులు గుండె పైభాగాన ఉంటాయి. లోపలి పొర వాటికి దూరం. చివరి పొలానికి కాలువ నీరు అందనట్లు, ధమని మూసుకుపోతే మొదట దెబ్బతినేది లోపలి పొరే. కనుక గుండెపోటు మచ్చ లోపలి పొర నుండి మొదలై బయటికి వ్యాపిస్తుంది. కండరానికే జబ్బు చేసినప్పుడు మచ్చ గోడ మధ్యలో సన్నని గీతలా ఉండవచ్చు. వైరస్ వలన వచ్చిన వాపు తరచుగా బయటి పొరలో గుర్తు వదులుతుంది.

చాచా బొమ్మలో గుండె ముందు గోడ లోపలి నుండి దాదాపు బయటి దాకా తెల్లగా ఉంది. ఎప్పుడో గుండెపోటు వచ్చి పోయింది. షుగరు వ్యాధి ఉన్నవారికి ఛాతీ నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చునట. "ఒకనాడు కొలిమి దగ్గర చెమటలు పట్టాయి, వేడికే అనుకున్నాను" అన్నారు ఆయన. నాన్న బొమ్మలో గుండె పెద్దదై సాగిపోయి ఉంది గాని తెలుపు ఎక్కడా లేదు. యాంజియోగ్రాంలో నాళాలు కూడా శుభ్రంగానే ఉన్నాయి. పదిమంది హమాలీలూ ఉన్నారు, సోలిపోయి ఉన్నారు. అంతే.

ఇలా గుండె సాగిపోయిన 472 మందిని లండన్‌లో ఏళ్ళ తరబడి గమనించి 2013లో ఫలితాలు ప్రకటించారు. గోడ మధ్య మచ్చ ఉన్నవారు 142 మంది. వారిలో నూటికి 27 మంది చనిపోయారు. మచ్చ లేనివారిలో నూటికి 11 మంది. ఆ కాగితం చదివిన రాత్రి చాలా రోజుల తరువాత మేము నిద్రపోయాము.

మూడు నెలలు మందులు వాడినా చాచా అంకె పెరగలేదు. గుండె లయ తప్పితే వెంటనే విద్యుత్ ఘాతం ఇచ్చి సరిచేసే చిన్న యంత్రాన్ని ఆయన ఛాతీలో అమర్చారు. నాన్నకు మందులే. అందులో ఒకటి షుగరు మాత్ర. షుగరు లేని మనిషికి ఇదెందుకని మేము కంగారుపడ్డాము. షుగరు లేకపోయినా బలహీనపడిన గుండెకు అది మేలు చేస్తుందని 2019లో రుజువైందట. ఆరు నెలలకు నాన్న అంకె 30 నుండి 45కు చేరింది.

ఇక్కడ ఒక తప్పు చెప్పుకోవాలి. బాగయింది కదా అని నాన్న మందులు మానేశాడు. మేము పరీక్షల హడావిడిలో అడగలేదు. కొన్ని వారాలలోనే పాదాల వాపు తిరిగి వచ్చింది. లండన్ డాక్టర్లు ఒక పరీక్ష చేశారు. ఇలా కోలుకున్నవారిలో కొందరికి డాక్టర్ల కళ్ళెదుటే మెల్లగా మందులు తగ్గించి చూస్తే, ఆరు నెలల లోపే నూటికి 44 మందికి జబ్బు తిరగబెట్టింది. సోలిపోయిన హమాలీ లేచి నిలబడ్డాడని అన్నం ఆపకూడదు కదా! నాన్న అదృష్టవంతుడు, మళ్ళీ మందులు మొదలుపెట్టాక తేరుకున్నాడు.

మన నగరం నేర్పిన మరో రెండు సంగతులు

ఈ.ఎఫ్. అంకె చెడినప్పుడే మచ్చ ఉంటుందనీ అనుకోకూడదు. హైదరాబాద్‌లో కేర్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ సి. నరసింహన్, ఆయన సహచరులు 2011లో అమెరికా కార్డియాలజీ కళాశాల పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఆ రోగులకు గుండె ఉన్నట్టుండి ప్రమాదకరమైన వేగంతో కొట్టుకునేది. కాని గుండె పంపే బలం బాగానే ఉంది. ఎం.ఆర్.ఐ., పెట్ స్కానింగులలో మాత్రం గుండె కండరంలో అక్కడక్కడ జబ్బు గుర్తులు, ఛాతీలో వాచిన గ్రంథులు కనిపించాయి. ఆ గ్రంథుల నుండి ముక్క తీసి చూస్తే కొందరిలో క్షయ, మరికొందరిలో సార్కాయిడోసిస్ అనే జబ్బు బయటపడింది. దానిని బట్టి వైద్యం మారింది. క్షయ అంటే ఊపిరితిత్తులకే అనుకునే మనకు ఇది పెద్ద పాఠం. ఇరుకు గదులలో పెరిగిన మనకు క్షయ కొత్త జబ్బు కాదు.

రెండవది హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త డాక్టర్ తంగరాజ్, ఇతరులు 2009లో ప్రకటించినది. గుండె కండరంలోని ఒక ప్రోటీనును తయారుచేసే జన్యువులో 25 అక్షరాలు లోపించిన మార్పు నూటికి నలుగురు భారతీయులలో ఉందనీ, దానికి గుండె కండర జబ్బులతో సంబంధం ఉందనీ కనుగొన్నారు. ఆ మార్పు ఉన్నంత మాత్రాన అందరికీ జబ్బు వస్తుందని కాదు. అయితే కారణం తెలియకుండా గుండె సాగిపోయిన మనిషి ఇంట్లో పిల్లలు, తోబుట్టువులు కూడా ఒకసారి ఈ.సి.జి., ఎకో చేయించుకోవాలని డాక్టర్లు చెబుతారు. మేము, మా చెల్లెలు చేయించుకున్నాము.

జాగ్రత్తలు, పరిమితులు

ఈ స్కానింగ్ ప్రతి ఆయాసానికీ అక్కరలేదు. ముందు ఈ.సి.జి., ఎకో, రక్త పరీక్షలు. వాటితో కారణం తేలనప్పుడు, లేదా ఏ వైద్యం చేయాలో నిర్ణయించవలసి వచ్చినప్పుడు దీని అవసరం వస్తుంది.

మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు ఆ సంగతి తప్పక ముందే చెప్పాలి. పాత రకం గెడోలినియం మందుల వలన అటువంటి కొందరికి చర్మం, అవయవాలు గట్టిపడే జబ్బు వస్తున్నదని 2006లో గుర్తించారు. కొత్త రకం మందులతో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా క్రియాటినిన్ పరీక్ష కాగితం దగ్గర పెట్టుకోవడం మంచిది. ఒంట్లో పేస్‌మేకర్, లోహపు ముక్కలు, ఇంతకుముందు ఆపరేషన్‌లో వేసిన పిన్నులు, గర్భం వంటివి ఉంటే దాచకూడదు. ఇరుకు చోటంటే భయం ఉన్నవారూ ముందే చెబితే సాయం చేస్తారు.

బ్రతికిన కండరం కనిపించినంత మాత్రాన స్టెంటు వేస్తే గుండె బాగుపడుతుందని కూడా హామీ లేదు. బ్రిటన్‌లో గుండె బాగా బలహీనపడిన 700 మంది మీద చేసిన పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. వీరికి నాళాలలో అడ్డంకులూ ఉన్నాయి, బ్రతికిన కండరమూ ఉంది. మందులతో పాటు స్టెంట్లు వేసినవారికీ, మందులు మాత్రమే ఇచ్చినవారికీ మరణాలలో, ఆసుపత్రి చేరికలలో చెప్పుకోదగిన తేడా రాలేదు. మచ్చ ఎంత ఎక్కువ ఉంటే కోలుకోవడం అంత కష్టమని మాత్రం ఆ రోగుల బొమ్మలే చూపించాయి. కనుక బొమ్మ దారి చూపుతుంది. నడవవలసింది డాక్టరు సలహాతోనే.

మనం చేయగలిగింది

తమ్ముళ్ళారా, మన ఇళ్ళల్లో చాలావాటిలో డాక్టరు ఇచ్చిన కాగితం చదవగలిగేది మనమే. అది మన మీద ఉన్న బాధ్యత. కాగితం చేతికి వచ్చినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ.ఎఫ్. ఎంత? గుండె ఎందుకు బలహీనపడింది? మచ్చ ఉందో లేదో చూడవలసిన అవసరం ఉందా? ఇంట్లో మిగతావాళ్ళు పరీక్ష చేయించుకోవాలా? ప్రశ్న అడిగితే డాక్టర్లు కోపగిస్తారని మేము భయపడేవాళ్ళం. చాలామంది ఓపికగానే చెప్పారు. ఖర్చు విషయం ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే ఏది పథకం కిందకు వస్తుందో, ఏది రాదో చెబుతారు. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు.

చాచా మళ్ళీ లాడ్ బజార్‌లో కూర్చుంటున్నారు. కొలిమి పని కొడుకులు చూస్తారు, ఆయన లెక్కలు చూస్తారు. రంజాన్‌కు నాన్నను పిలిచారు. నాన్న బస్తాలు మోయడం మానేసి యార్డులో కాపలా పనిలో చేరాడు. మాత్రల డబ్బా జేబులోనే ఉంటుంది. వారానికోసారి ఫోన్‌లో మొదట అడిగేది మాత్రల గురించే.

చివరగా ఒక్క మాట. వచ్చే ఆదివారం మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు సంచి అందుకోవడానికి కిందికి పరుగెత్తండి. వారి వెనుకే మెట్లు ఎక్కండి. ఎన్నిసార్లు ఆగుతున్నారో చూడండి. పాదాల మీద చెప్పు గుర్తు లోతుగా పడుతున్నదేమో చూడండి. రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారో అడగండి. "అలసట" అని వారు అంటారు. మేము నమ్మినట్లు మీరు నమ్మవద్దు.